పాటల పట్టిక నుంచి సొంత వికీకి

(చెన్నై టి. నగర్‌లో తెలుగు సంగీత విద్యార్థులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

చెన్నైలో సంగీతం నేర్పేవారి ఇళ్లలోనూ, నేర్చుకునేవారి ఫోన్లలోనూ, డిసెంబరు సీజన్‌లో ఒక సభ నుంచి మరో సభకు పరుగెత్తే రసికుల దగ్గరా ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. అందులో కీర్తనల జాబితా, పక్కన రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు, ఇంకా కొన్ని కాలమ్‌లు ఉంటాయి. మొదటి ఏడాది అది ముచ్చటగానే ఉంటుంది. కొన్నేళ్లు గడిచేసరికి అడ్డంగా, నిలువుగా పెరిగిపోయి, ఏ గడిలో ఏముందో తయారుచేసినవారికే అంతుపట్టని స్థితికి వస్తుంది. అలాంటి షీటును సొంత వికీగా, అంటే ఒకదానికొకటి లంకెలున్న పేజీల సముదాయంగా, మార్చుకోవడం ఎలాగో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. పాత వ్యవస్థల్లోని సమాచారాన్ని కొత్తవాటిలోకి తరలించడం నా ఉద్యోగం. మా పిన్నిగారు నంగనల్లూరులో చాలాకాలంగా గాత్రం నేర్పుతున్నారు. కాబట్టి ఈ విషయం మీద మాట్లాడే అర్హత కొంతైనా ఉందనే ధైర్యంతో వచ్చాను.

షీటులోని ప్రతి వరుసనూ ఒక పేజీగా మార్చేస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అలా మార్చడం ఒక సాయంత్రంలో పూర్తయ్యే పనే. కానీ ఆ తర్వాత మన చేతిలో మిగిలేది ముక్కలుగా కత్తిరించిన అదే షీటు. మునుపు ఒక్క చూపులో కనిపించినది ఇప్పుడు వందల పేజీల్లో చెదిరిపోయి ఉంటుంది. అందుకే కంప్యూటరు ముట్టుకోకముందే, షీటులో ఉన్నవాటిలో దేనికి పేజీ ఇవ్వాలి, దేన్ని పేజీలో ఒక వివరంగా సరిపెట్టాలి, దేన్ని ఎక్సెల్ నుంచి అసలు కదిలించకూడదు అన్నది తేల్చుకోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

ఈ పనిముట్లు దేనికోసం పుట్టాయో ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళతాను. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విసికాల్క్ లెక్కల కోసం వచ్చింది. ఒక గడిలో అంకె మారిస్తే దాని మీద ఆధారపడిన గడులన్నీ వాటంతట అవే మారడం అందులోని గొప్ప. ఎక్సెల్ ఆ వంశానిదే. మనం దాన్ని జాబితాలకు వాడుకుంటున్నది గీతలు గీసి సిద్ధంగా ఉన్నాయి కనుక మాత్రమే. వికీ దారి వేరు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని పెట్టినప్పుడు అందులోని కీలకం, ఒక పేజీలో మరో పేజీ పేరు రాస్తే చాలు, అది లంకె అయిపోవడం. 2004లో జెరెమీ రస్టన్ రూపొందించిన టిడ్లీవికీలో వికీ మొత్తం ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలులో ఉంటుంది, సర్వరు అక్కర్లేదు. అదే ఏడాది వచ్చిన డోకువికీ పేజీలను మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాచుకుంటుంది. 2020లో వచ్చిన ఆబ్సిడియన్ మన కంప్యూటరులోని ఒక ఫోల్డరులో ఉన్న టెక్స్ట్ ఫైళ్లనే వికీలాగా చూపిస్తుంది. వీటిలో ఏది మంచిదన్న చర్చలోకి నేను దిగను. ఆ ప్రోగ్రామ్ రేపు కనుమరుగైనా మన ఫైలు తెరుచుకుంటుందా అన్నది చూసుకుంటే చాలు. ఈ మూడింటిలోనూ తెరుచుకుంటుంది. ఈ రోజు ఉదాహరణలు ఎక్కువగా టిడ్లీవికీ నుంచి ఇస్తాను, ఎందుకంటే మా పిన్నిగారిది అందులోకే మార్చాం.

ఆవిడ షీటులో కీర్తనకు ఒక వరుస. కాలమ్‌లు ఇవి: పల్లవి, వాగ్గేయకారుడు, రాగం, మేళకర్త సంఖ్య (72 మూల రాగాల పట్టికలో రాగం స్థానం), తాళం, ఎడుప్పు (పాట తాళంలో ఎత్తుకునే చోటు), ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ శిష్యురాలికి నేర్పారు, ఎప్పుడు, చివర్లో గమనిక. ఈ చివరి కాలమ్ చూడండి. మిగిలిన కాలమ్‌లలో ఒకటి రెండు మాటలుంటే, గమనికలో పేరాలున్నాయి. ఒక గడిలో, చరణం మొదటి పాదానికి గురువుగారు క్లాసులో చెప్పిన సంగతి (ఆ పాదాన్ని మలిచి పాడే తీరు) ఒకటి, కచేరీలో పాడిన సంగతి ఇంకొకటి, పిల్లలకు మొదటిదే నేర్పాలి అని రాసి ఉంది. ఆ గడి వెడల్పు రెండు అంగుళాలు. మొదటి నాలుగు మాటలు తప్ప ఏమీ కనిపించవు. షీటును వికీగా మార్చాల్సిన వేళ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను మొదట చూసేది ఈ గమనికల కాలమ్‌నే. అది ఖాళీగా ఉంటే ఎక్సెల్‌లోనే ఉండనివ్వండి, హాయిగా ఉంటుంది. అది పొంగిపొర్లుతుంటే ఆ మాటలకు వేరే చోటు కావాలన్నమాట.

ఇప్పుడు రాగం, మేళకర్త కాలమ్‌లు చూద్దాం. ఖరహరప్రియలో ఎన్ని కీర్తనలుంటే అన్ని వరుసల్లోనూ 22 అని రాసి ఉంది. శంకరాభరణం ఉన్న ప్రతిచోటా 29. నిజానికి 22 అన్నది ఆ కీర్తన గురించిన సంగతి కాదు, రాగం గురించిన సంగతి. ఒకే సంగతిని ముప్పై చోట్ల రాస్తే ఎక్కడో ఒకచోట 28 పడుతుంది, పడింది కూడా. కాబట్టి రాగానికి సొంత పేజీ ఉండాలి. మేళకర్త సంఖ్య, ఆరోహణ అవరోహణలు, ఆ రాగం గురించి గురువుగారు చెప్పిన మాటలు అక్కడ ఒక్కసారే ఉండాలి. కీర్తన పేజీలో రాగం పేరు మాత్రం ఉంటే చాలు, అది లంకె అవుతుంది. వాగ్గేయకారులకూ, గురువులకూ, శిష్యులకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. తాళానికి పేజీ ఇవ్వాలా అన్నదగ్గర నేను తటపటాయిస్తాను. ఆది తాళం పేజీ తెరిస్తే ఇంట్లో ఉన్న కీర్తనల్లో సగం కనిపిస్తాయి, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. మిశ్రచాపు పేజీ తెరిస్తే కచేరీకి పాటలు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. ఏదైనా ఒక పేరు గురించి మనం ఎప్పుడైనా రెండు వాక్యాలు రాస్తామా అని అడిగి చూసుకోవాలి. రాస్తామంటే పేజీ ఇవ్వవచ్చు, లేదంటే అది కీర్తన పేజీలో ఒక వివరంగా ఉంటే సరిపోతుంది.

పేజీకి పేరు పెట్టడం తేలికనిపిస్తుంది, తేలిక కాదు. వికీలో పేజీ పేరే దాని గుర్తింపు. ఒకే పేరుతో రెండు పేజీలు ఉండవు, టిడ్లీవికీలో రెండోది దిగుమతి అయితే మొదటిదాని స్థానంలో అది కూర్చుంటుంది. షీటులో పల్లవి కాలమ్‌లో నగుమోము అని రెండు వరుసలున్నాయి. రెండూ త్యాగరాజస్వామివే. ఒకటి నగుమోము గనలేని, ఇంకొకటి మధ్యమావతిలో ఉన్న నగుమోము గలవాని. వాగ్గేయకారుడి పేరు కలిపినా ఈ గొడవ తీరదు. రాగం పేరు కలిపితే తీరుతుంది కదా అంటారు. మొదటిదాని దగ్గరే ఆ ఉపాయం చిక్కులో పడుతుంది. ఇవాళ ఎక్కువమంది దాన్ని ఆభేరి అంటూ, చతుశ్రుతి ధైవతంతో, ఖరహరప్రియ జన్యంగా, అంటే దాని నుంచి పుట్టిన రాగంగా, పాడతారు. పాత లక్షణం ప్రకారం ఆభేరికి అంతకంటే కింది స్థాయిలో ఉండే శుద్ధ ధైవతమే ఉండాలని, అది నఠభైరవి జన్యమని, ఇప్పుడు వినిపిస్తున్న రూపాన్ని కర్ణాటక దేవగాంధారి అనాలని వాదించే విద్వాంసులున్నారు. వాదంలో ఉన్న విషయాన్ని పేజీ పేరులో పెట్టకూడదు. అందుకని పల్లవిలో మొదటి రెండు మూడు మాటలు, అంటే మరో కీర్తనతో తేడా తెలిసేంతవరకు, పేరుగా పెట్టుకున్నాం. రాగం గురించిన ఆ వాదమంతా ఆభేరి పేజీలో ఒక పేరాగా కూర్చుంది. గడిలో ఒక్క మాటకే చోటు కనుక ఎక్సెల్ మనల్ని ఏదో ఒక పక్షం తీసుకోమంటుంది. ఈ ఊళ్లో అది ప్రమాదకరమైన పని.

ఇక శుభ్రం చేయడం గురించి. మార్పిడిలో ఎక్కువ సమయం పట్టేది దీనికే, నేనూ ఎక్కువసేపు మాట్లాడబోయేది దీని గురించే. రాగం పేరు లంకె కావాలంటే అన్ని వరుసల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. మా పిన్నిగారి షీటులో ఖరహరప్రియ, ఖరహర ప్రియ, కరహరప్రియ అని మూడు రూపాలున్నాయి. మూడోది ఎలా వచ్చిందో మీరు ఊహించగలరు. ఈ ఊళ్లో తమిళంలో అచ్చయిన కచేరీ కార్డులూ ఉంటాయి, తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. కార్డు చూసి తెలుగులో రాసుకున్న శిష్యురాలు క అనే రాసింది. ఇలాంటివాటిని పట్టుకోవడానికి ఆ కాలమ్‌కు ఫిల్టరు పెట్టి, విడివిడి పేర్ల జాబితాను పైనుంచి కిందికి చదవడమే మంచి ఉపాయం. జాబితా మరీ పెద్దదైతే ఓపెన్‌రిఫైన్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో ఎన్-గ్రామ్ పద్ధతి ఎంచుకుంటే మధ్యలోని ఖాళీలను తీసేసి పోల్చి, ఒకేలా ఉన్నవాటిని ఒక గుంపుగా చూపిస్తుంది. ఉచ్చారణను బట్టి పోల్చే పద్ధతులు కూడా ఉన్నాయి గానీ అవి ఇంగ్లీషు వంటి భాషల కోసం చేసినవి, తెలుగు పేర్లకు వాటిని నమ్ముకోవద్దు.

మనకు మాత్రమే ఉన్న మరో పరీక్ష ఒకటుంది. కటపయాది సూత్రం ఇక్కడ చాలామందికి తెలుసు. ఆ సూత్రం ప్రతి హల్లుకూ ఒక అంకె ఇస్తుంది; మేళకర్త రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలకు ఆ అంకెలు వేసి తిప్పి రాస్తే ఆ రాగం సంఖ్య వస్తుంది. ఖ అంటే 2, ర అంటే 2, కనుక ఖరహరప్రియ 22. కీరవాణిలో క 1, ర 2, తిప్పితే 21. హరికాంభోజిలో హ 8, ర 2, తిప్పితే 28. అంటే 72 మేళకర్తల పేర్లలోనే వాటి సంఖ్య దాగి ఉంది; ఒక కాలమ్‌ను ఇంకో కాలమ్‌తో సరిచూసుకునే ఏర్పాటు కంప్యూటర్లు పుట్టకముందే మన చేతికి వచ్చింది. ఈ సూత్రాన్ని షీటు మీద నడిపితే కరహరప్రియ అని రాసిన వరుస వెంటనే దొరికిపోయింది: క 1, ర 2, తిప్పితే 21, అది కీరవాణి సంఖ్య, పక్క గడిలో ఉన్నదేమో 22.

అయితే దీన్ని ఫార్ములాగా రాయబోయేవారు రెండు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, మనం అక్షరం అనుకునేదీ ఎక్సెల్ అక్షరం అనుకునేదీ ఒకటి కావు. కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలనూ దాచుకునే యూనికోడ్ పద్ధతిలో గుణింతపు గుర్తు విడిగా ఒక అక్షరం. కీరవాణిలో ఎడమవైపు నుంచి రెండు అక్షరాలు తీసుకోమంటే ఎక్సెల్ కీ మాత్రమే ఇస్తుంది, ర దాకా రాదు. కాబట్టి గుణింతాలను, సున్నాలను తీసేసి హల్లులను మాత్రమే మిగిల్చి లెక్కపెట్టాలి. రెండోది, మనం రోజూ పిలిచే పేరు వేరు, మేళకర్త పేరు వేరు. శంకరాభరణానికి ముందు ధీర చేర్చితేనే 29 వస్తుంది. చేర్చకపోతే 15 వచ్చి మాయామాళవగౌళ దగ్గర తేలుతుంది. కల్యాణికి మేచ, తోడికి హనుమ కూడా అందుకే చేరాయి. అందువల్ల రాగం పేజీకి వాడుక పేరే పెట్టి, మేళకర్త పేరును విడిగా ఒక వివరంగా ఉంచుకున్నాం. మూడోది, సంయుక్తాక్షరం వస్తే చివరి హల్లును లెక్కలోకి తీసుకోవాలన్నది నియమం. షణ్ముఖప్రియలో ణ్ము అన్నచోట మ తీసుకుంటే 56 సరిగ్గా వస్తుంది. చక్రవాకంలో మాత్రం క్ర అన్నచోట ర తీసుకుంటే 26 వస్తుంది, అసలు సంఖ్య 16. అక్కడ క తీసుకోవాలి. మన ఫార్ములా చక్రవాకాన్ని ఎర్రగా చూపిస్తే దాన్ని దిద్దడానికి పరుగెత్తవద్దు. సరిచూసే సాధనం అనుమానాన్ని చూపిస్తుంది, తీర్పు మనమే చెప్పాలి. జన్యరాగాలకు ఈ సూత్రం పనిచేయదని వేరే చెప్పనక్కర్లేదు.

కంటికి కనిపించని తేడాలు ఇంకొన్ని ఉన్నాయి. భైరవి అన్న మాటలో ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా దాచవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు, దాని కింద వచ్చే గుర్తు కలిపి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మామూలు కీబోర్డుతో టైపు చేస్తే మొదటిదే వస్తుంది. అయితే పాత మ్యాక్ కంప్యూటర్ల ఫైల్ వ్యవస్థ ఫైలు పేర్లను ఇలా విడగొట్టి దాచేది కనుక, అక్కడి ఫైలు పేర్ల నుంచి తెచ్చుకున్న జాబితాల్లో రెండో రూపం దూరుతుంది. అప్పుడు వికీలో రెండు భైరవి పేజీలు పక్కపక్కనే కనిపించి, రెండూ ఎందుకున్నాయో అర్థం కాక తల పట్టుకుంటాం. పొల్లు పక్కన టైపులో పడే కనిపించని విభజన గుర్తు, పేరు చివర మిగిలిపోయిన ఖాళీ కూడా ఇలాంటివే. అన్నిటినీ ఒకే యూనికోడ్ రూపానికి తెచ్చి, చివరి ఖాళీలను తీసేయడం మార్పిడికి ముందే ఒక్కసారి చేసేయాలి.

అను ఫాంట్ల సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పదిహేను ఇరవై ఏళ్ల కిందటి షీట్లలో, ముఖ్యంగా డీటీపీ సెంటర్లలో టైపు చేయించిన పాటల సాహిత్యంలో, తెలుగు నిజంగా తెలుగు కాదు. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగులా కనిపించే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఫాంటు మార్చి చూడండి, పాట కాస్తా పిచ్చిగీతలైపోతుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి. మార్చిన తర్వాత ఒత్తులు, రావడులు ఉన్న పాదాలను మాత్రం మనిషి చదివి తీరాలి. త్యాగరాజస్వామి సాహిత్యంలో ఒక ఒత్తు జారితే అర్థం ఎక్కడికి పోతుందో మీకు తెలుసు.

తర్వాత రంగులు. ఒక షీటును వికీకి మార్చాలంటే దాన్ని ముందు సీఎస్‌వీ అనే సాదా రూపంలో దాచుకుంటాం. ఆ రూపానికి అక్షరాలు, అంకెలు తప్ప ఏమీ తెలియవు. గడికి పూసిన రంగు, గడికి తగిలించిన వ్యాఖ్య, ఫార్ములా, విలీనం చేసిన గడులు, అన్నీ అక్కడే ఆగిపోతాయి. మా పిన్నిగారి షీటులో పసుపు, లేత ఎరుపు గడులు చాలా ఉన్నాయి.

“పిన్నీ, ఈ పసుపు ఏమిటి?” అని అడిగాను.

“అవి నవరాత్రులకు పిల్లలచేత పాడించాల్సినవిరా.”

“మరి ఈ ఎరుపు?”

“అది మీ చెల్లెలు పెట్టింది. ఎందుకు పెట్టిందో దాన్నే అడుగు.”

చెల్లెల్ని అడిగితే, సాహిత్యం సరిచూసుకోవాల్సినవని చెప్పింది. రంగుకు అర్థం మనిషి తలలో ఉంటుంది, ఫైలులో ఉండదు. కాబట్టి రంగును బట్టి ఫిల్టరు చేసి, స్థితి అని ఒక కొత్త కాలమ్ పెట్టి, అందులో ఆ అర్థాన్ని మాటల్లో రాయాలి. ఈ పని షీటు తయారుచేసినవారు పక్కన ఉన్నప్పుడే చేయాలి. విలీనం చేసిన గడులను విడదీసి, ఖాళీ అయిన ప్రతి గడిలోనూ పేరు నింపాలి. లేకపోతే మొదటి వరుసకు తప్ప మిగిలినవాటికి రాగం ఉండదు.

ఎక్సెల్ తనంతట తాను మార్చేసేవి మరింత ఇబ్బంది పెడతాయి. పాట తాళంలో ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పే ఎడుప్పు కాలమ్‌లో అర అన్న అర్థంతో 1/2 అని టైపు చేస్తే, మన దేశపు అమరికలో అది ఫిబ్రవరి ఒకటో తేదీ అయిపోతుంది. ముక్కాలు అని 3/4 కొడితే ఏప్రిల్ మూడు. అప్పుడు గడిని టెక్స్ట్‌గా మార్చి లాభం లేదు. 2024లో టైపు చేసిన 1/2 అయితే 45323 అనే అంకె బయటపడుతుంది, ఎందుకంటే ఎక్సెల్ తేదీలను రోజుల లెక్కగా దాచుకుంటుంది. ఇది సంగీతం వాళ్ల అమాయకత్వమేమీ కాదు. జన్యుశాస్త్రంలో మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్న జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండడంతో, విసిగిపోయిన నామకరణ సంఘం 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చేసింది. శాస్త్రవేత్తలే లొంగిపోయారు. మనం మాత్రం అర, ముక్కాలు అని అక్షరాల్లో రాసుకుని బయటపడవచ్చు. నిజమైన తేదీలను సంవత్సరం, నెల, రోజు అన్న క్రమంలో, 2019-12-05 అన్నట్టుగా రాయండి. డిసెంబరు ఐదా, మే పన్నెండా అన్న సందేహం ఉండదు, అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమంలోనే వస్తాయి.

సీఎస్‌వీగా దాచేటప్పుడు ఎక్సెల్ చూపించే రూపాల్లో యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను ఫైలులో దాచే పద్ధతి) అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. పక్కనే మామూలు సీఎస్‌వీ ఉంటుంది. అది ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాల వరుసగా మిగులుతుంది, ఆ ప్రశ్నార్థకాల నుంచి పాటను వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. అందుకే మూల షీటు నకలు ఒకటి తీసి, దాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా పెట్టి, ఆ తర్వాతే ఈ పనికి దిగాలి. ఇంకొక చిక్కు గమనికల కాలమ్‌ది. అందులో కామాలుంటాయి, ఎంటరు కొట్టిన చోట్లు ఉంటాయి. సీఎస్‌వీ ఎలా ఉండాలో చెబుతూ 2005లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం ప్రకారం అలాంటి గడిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, లోపల కొటేషన్ ఉంటే దాన్ని రెండుసార్లు రాయాలి. ఎక్సెల్ అలాగే రాస్తుంది. కానీ కామా కనిపించినచోటల్లా తెగ్గొట్టే చిన్న చిన్న ప్రోగ్రాములు దీన్ని పట్టించుకోవు. పొడవైన గమనిక ఉన్న వరుస మూడు వరుసలుగా విడిపోతుంది. అందువల్ల మొత్తం షీటును ఒకేసారి దిగుమతి చేయకండి. ఉన్నవాటిలో అన్నిటికంటే గజిబిజిగా ఉన్న పదో పన్నెండో వరుసలు ఏరి, ముందు వాటిని పంపి చూడండి. చక్కని వరుసలతో పరీక్షిస్తే ఏమీ తెలియదు.

టిడ్లీవికీకి జేసన్ అనే రూపంలో ఫైలు ఇస్తే, దాన్ని తెరిచి ఉన్న వికీ మీదకు లాగి వదిలితే చాలు, ఏయే పేజీలు వస్తున్నాయో జాబితా చూపించి దిగుమతి చేసుకుంటుంది. ఓపెన్‌రిఫైన్‌లో టెంప్లేటింగ్ అనే ఎగుమతి మార్గం ఉంది. ఒక వరుస ఎలా కనిపించాలో నమూనా రాస్తే అన్ని వరుసలకూ అలాగే రాసి ఇస్తుంది. ఇక్కడ ట్యాగుల విషయంలో, అంటే పేజీలను గుంపులుగా చూపడానికి తగిలించే గుర్తుల విషయంలో, జాగ్రత్తగా ఉండాలి. టిడ్లీవికీ ట్యాగులను ఖాళీ ఉన్నచోట విడదీస్తుంది. రెండు మాటల ట్యాగు అయితే జంట చదరపు బ్రాకెట్లలో పెట్టాలి. పెట్టకపోతే ఏమవుతుందో చూడండి. షీటులో నాట కురంజి అని విడదీసి రాసి ఉంటే, ఆ కీర్తన నాట కింద ఒకసారి, కురంజి కింద ఒకసారి చేరుతుంది. రెండూ నిజమైన రాగాలే కనుక తప్పు జరిగినట్టు ఎక్కడా కనిపించదు. ఆనంద భైరవి అని విడిగా రాస్తే భైరవిలో కలుస్తుంది. అందుకే రాగాన్ని ట్యాగుగా కాకుండా రాగం అనే పేరుతో విడి వివరంగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. ట్యాగులను నవరాత్రి, సరిచూడాలి వంటి, రేపు తీసేయగలిగిన గుర్తులకు ఉంచుకోండి.

దిగుమతికి ముందే షీటులో ప్రతి వరుసకూ ఒక వరుస సంఖ్య ఇచ్చి, దాన్ని కూడా పేజీలో ఒక వివరంగా పంపండి. దిగుమతి అయ్యాక వికీలోని పేజీలను లెక్కపెట్టి షీటుతో పోల్చండి. తేడా వస్తే ఏ సంఖ్య లేదో చూస్తే ఏ వరుస జారిందో తెలుస్తుంది. లెక్క చూసుకోకపోవడం ఎంత దూరం పోతుందో 2020 అక్టోబరులో బ్రిటన్‌లో తెలిసింది. అక్కడి ప్రజారోగ్య సంస్థ కోవిడ్ ఫలితాలను 65,536 వరుసలకు మించి పట్టని పాత ఎక్సెల్ రూపంలోకి ఎక్కించింది. నిండిన తర్వాత వచ్చినవి జారిపోయి, దాదాపు 16 వేల కేసులు రోజువారీ లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. మన జాబితాలు అంత పెద్దవి కావు, నిజమే. కానీ అక్కడ జరిగింది పరిమాణం వల్ల మాత్రమే కాదు. పంపినవెన్నో, చేరినవెన్నో సమయానికి ఎవరూ పోల్చి చూడలేదు.

పేజీలన్నీ చేరిన తర్వాత చాలామంది ఉత్సాహంగా రాగం పేజీలో ఆ రాగపు కీర్తనల పేర్లు చేత్తో టైపు చేయడం మొదలుపెడతారు. దయచేసి చేయకండి. షీటులో 22ను ముప్పైసార్లు రాసిన అలవాటే ఇది, వేషం మార్చుకుని వచ్చింది. రాగం అనే వివరంలో ఈ పేజీ పేరు ఉన్న కీర్తనలన్నీ చూపించు అని ఒక ఫిల్టరు ఒక్కసారి రాసిపెడితే, అన్ని రాగాల పేజీల్లోనూ జాబితా దానంతట అదే వస్తుంది. రేపు కొత్త కీర్తన చేరిస్తే ఖరహరప్రియ పేజీలో అదీ కనిపిస్తుంది. శిష్యుల పేజీల్లోనూ అంతే. మా పిన్నిగారికి అన్నిటికంటే నచ్చింది ఇదే: ఒక అమ్మాయి పేరు నొక్కితే ఇంతవరకు ఏమేం నేర్చుకుందో కనిపిస్తుంది, ఏ రాగం ఒక్కటీ నేర్పలేదో కూడా తెలుస్తుంది.

ఎక్సెల్‌లోనే ఉంచాల్సినవాటి గురించి కొద్దిగా చెబుతాను. ఫీజుల లెక్క వికీలోకి తేవద్దు. కూడికలు, బాకీలు, నెలవారీ మొత్తాలు, ఎక్సెల్ పుట్టిందే వాటికోసం. వికీలో వాటిని చేయవచ్చుగానీ చేతులారా కష్టం తెచ్చుకోవడమే. శిష్యుల ఫోన్ నంబర్లు, పుట్టినతేదీలు కూడా తేవద్దు. టిడ్లీవికీ ఒక్క ఫైలు కనుక, పాటల కోసం దాన్ని వాట్సాప్‌లో ఎవరికైనా పంపడం చాలా తేలిక. పంపినప్పుడు పిల్లల వివరాలు కూడా వెళ్లిపోతాయి.

చివరగా, రికార్డింగుల గురించి ముందే ఒకరు చీటీ రాసి పంపారు: గురువుగారు పాడిన ఆడియోలను కూడా వికీలోనే పెట్టేయవచ్చా అని. టిడ్లీవికీలో పెట్టవచ్చు, కానీ ఫైలు లోపల దాచినప్పుడు ఆడియో అక్షరాల రూపంలోకి మారి మూడోవంతు పెరుగుతుంది. పది పాటలు పెట్టేసరికి ఫైలు తెరుచుకోవడానికే మొరాయిస్తుంది. పైగా మీరు ఒక్క అక్షరం దిద్దినా ఆ మొత్తం ఫైలును మళ్లీ దాచాల్సి వస్తుంది. ఆడియోలను వికీ పక్కనే ఒక ఫోల్డరులో ఉంచి, షీటులో మనం ఇచ్చిన వరుస సంఖ్యనే ఫైలు పేరుగా పెట్టండి. కీర్తన పేజీలో ఆ ఫైలు చిరునామా రాస్తే అక్కడే నొక్కి వినవచ్చు. క్యాసెట్ల నుంచి ఎక్కించినవి అయితే ఒకే ఫైలులో నాలుగైదు కీర్తనలుంటాయి. వాటిని కోయనక్కర్లేదు, ఏ నిమిషం దగ్గర ఏది మొదలవుతుందో ఆయా పేజీల్లో రాసుకుంటే సరిపోతుంది. మిగిలిన చీటీలు కూడా ఇటు అందిస్తే ఒక్కొక్కటిగా చూద్దాం.